నీటి అడుగున మేత లెక్క

(రికార్డింగు విని ఎక్కించిన పాఠం. తడబాట్లు మాత్రం తీసేశాం. మిగతాదంతా మాట్లాడినట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకి వినపడుతోందా? బోర్డు కనపడుతోందా? నేను ఇవాళ బోర్డు మీద ఒకటి రెండు గీతలు గీస్తాను. అవి కనపడకపోతే చెప్పేదాంట్లో సగం అందదు. ముందు వరసల్లో ఖాళీలున్నాయి, మొహమాటపడకుండా వచ్చి కూర్చోండి.

ఇవాళ్టి ప్రశ్న చిన్నదే. నది సముద్రంలో కలిసే చోట, అంటే నదీముఖంలో, ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసే ఆ లోతు తక్కువ నీళ్లలో, అడుగున గడ్డి పెరుగుతుంది. ఆ గడ్డిని మేసే జంతువులున్నాయి. ఆ మేతని లెక్కలో పెట్టడం ఎలా? ఇన్ని జంతువులు ఇంత కాలం మేస్తే గడ్డి ఏమవుతుంది, గడ్డి ఇంత తగ్గితే జంతువులు ఏమవుతాయి, ఇది ముందుగా చెప్పగలిగే మోడల్ ఎలా కట్టాలి? ఇదీ ప్రశ్న.

ముందు ఈ గడ్డి గురించి రెండు మాటలు. దీన్ని సముద్రపు గడ్డి అంటారు. చాలామంది దీన్ని నాచు అనుకుంటారు. నాచు కాదండీ. ఇది పూలు పూసే మొక్క. నీళ్లలోనే పూస్తుంది, నీళ్లలోనే పుప్పొడి చేరుతుంది, గింజ కడుతుంది. దీనికి వేళ్లున్నాయి, మట్టిలో అడ్డంగా పాకే కాండం ఉంది. ప్రపంచం మొత్తం మీద 70 జాతుల దాకా ఉన్నాయి. వీటిలో చాలా జాతులకి ఆకు మొదట్లో నుంచి పెరుగుతుంది, కొస నుంచి కాదు. అంటే కొస కొరికేస్తే ఆకు మళ్లీ వస్తుంది. మొదలు పీకేస్తే రాదు. ఈ ఒక్క ముక్కా గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

మేసేవాళ్లెవరు? పెద్దవాటిలో నీళ్లలోనే బతికే క్షీరదాలు డ్యూగాంగ్, మనాటీ, ఇంకా ఆకుపచ్చ తాబేలు. పక్షుల్లో నల్ల హంస, బ్రెంట్ బాతు. చేపలున్నాయి, ముళ్లబంతుల్లాంటి సముద్రపు అర్చిన్లున్నాయి. ఇంకా వేలి గోరంత నత్తలు, రొయ్య జాతికి దగ్గరివైన చిన్న చిన్న పురుగుల్లాంటివీ ఉన్నాయి. డ్యూగాంగ్ రోజుకి 30, 40 కిలోల పచ్చి గడ్డి తింటుంది. ఆ చిన్నవాటిలో ఒక్కోటి తినేది తూకానికి కూడా రాదు. కానీ అవి లక్షల్లో ఉంటాయి. చివరికి లెక్క తేలేసరికి ఆ చిన్నవే పెద్ద పని చేస్తున్నాయని కూడా తేలొచ్చు. అది చివర్లో చూద్దాం.

దీన్ని ఎందుకింత పట్టించుకోవాలి? 1930లలో అట్లాంటిక్ ఉత్తర తీరాల్లో ఈల్‌గ్రాస్ అనే జాతికి జబ్బు వచ్చింది. అటు అమెరికా ఒడ్డున, ఇటు యూరప్ ఒడ్డున, మైళ్లకి మైళ్లు గడ్డి పోయింది. దాన్ని తిని బతికే బ్రెంట్ బాతుల సంఖ్య కూడా దాంతోపాటే కుప్పకూలింది. ఇక ఈమధ్య సంగతి. 2009లో ప్రపంచవ్యాప్తంగా ఉన్న రికార్డులన్నీ పోగుచేసి చూశారు. 1879 నుంచీ నమోదైన సముద్రపు గడ్డి విస్తీర్ణంలో 29 శాతం అప్పటికే పోయిందని తేలింది. నూటికి 29! మిగిలిన దాని మీద ఎంత మేత పడితే తట్టుకుంటుందో మనకి తెలియాలా, వద్దా?

సరే, మోడల్ దగ్గరికి వద్దాం. కొత్తగా ఈ పని మొదలుపెట్టేవాళ్లు ఏం చేస్తారంటే, చదరపు మీటరుకి ఇన్ని గ్రాముల గడ్డి అని ఒక అంకె వేసుకుంటారు. జంతువుకి రోజుకి ఇన్ని గ్రాములు కావాలని ఇంకో అంకె. దీన్ని దాంతో భాగిస్తే ఇన్ని జంతువులు బతుకుతాయని జవాబు. లెక్క తప్పు కాదు. కానీ దాంట్లో జంతువు లేదు, నీళ్లు లేవు, గడ్డి కూడా సరిగ్గా లేదు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఉన్న గడ్డి వేరు, అందే గడ్డి వేరు. నదీముఖాల్లో ఈ రెంటికీ మధ్య తేడా చాలా పెద్దది. మోడల్ కట్టేవాడు కొలవాల్సింది ఆ తేడానే.

ఒక్కో మెట్టూ ఎక్కుదాం. మొదటి మెట్టు, తినే వేగం.

1959లో కెనడా శాస్త్రవేత్త సి.ఎస్. హోలింగ్ ఒక ప్రయోగం చేశాడు. బల్ల మీద గరుకు కాగితం బిళ్లలు పరిచాడు. ఒక మనిషికి కళ్లకి గంతలు కట్టి, వేలితో తడుముతూ ఏరమన్నాడు. బిళ్లలు తక్కువగా ఉన్నప్పుడు వెతకడంతోనే టైం అయిపోతుంది. బిళ్లలు పెంచేకొద్దీ ఏరే వేగం పెరిగింది. కానీ కొంత దాటాక, ఎన్ని బిళ్లలు పరిచినా వేగం పెరగడం ఆగిపోయింది. ఎందుకు? ఎవరైనా చెప్తారా? అవును, సరిగ్గా చెప్పారు. ప్రతి బిళ్లనీ తీసి పక్కన పెట్టడానికి కొంత టైం పడుతుంది. చేయి ఆ పనిలో ఉన్నంతసేపూ వెతకడం ఆగుతుంది.

ఇదిగో, బోర్డు మీద రాస్తున్నాను. గడ్డి సాంద్రతకి 'గ'. వెతికే సామర్థ్యానికి 'వె'. ఒక్కో ముద్దనీ నమిలి మింగే టైంకి 'న'. అప్పుడు తినే వేగం = వె × గ ÷ (1 + వె × న × గ). గడ్డి మరీ తక్కువగా ఉంటే కింద ఉన్నది ఇంచుమించు 1 అయిపోతుంది, వేగం గడ్డితోపాటే పెరుగుతుంది. గడ్డి విపరీతంగా ఉంటే 'గ' పైనా కిందా కొట్టుకుపోయి 1 ÷ న మిగులుతుంది. ఒక ముద్దకి రెండు సెకన్లు పడితే, నిమిషానికి 30 ముద్దలు. లోకంలో గడ్డంతా తెచ్చి ముందు పోసినా 31వ ముద్ద లేదు. అర్థమైందా? ఈ పైకప్పు ఎక్కడుందో తెలియకుండా మేతని లెక్కేయలేం.

అయితే ఈ సూత్రం పుట్టింది వేటాడే జంతువుల కోసం. గడ్డి తినేదానికి వెతుకులాట ఏముంది? చుట్టూ గడ్డే. మెడ వంచితే గడ్డే. 1992లో స్పాలింజర్, హాబ్స్ అనే ఇద్దరు ఇదే అడిగారు. వాళ్లు చూసింది నేల మీద మేసే క్షీరదాలని. జంతువుకి నోరు ఒక్కటే. ఆ నోటితోనే కొరకాలి, ఆ నోటితోనే నమలాలి. ఈ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డం. కాబట్టి వేగాన్ని తేల్చేది చదరపు మీటరుకి ఎంత గడ్డి ఉందన్నది కాదు, ఒక్క కొరుకుకి నోట్లోకి ఎంత వస్తుందన్నది. తాబేలూ బాతూ నమలవు. అయినా పట్టింది మింగాకే ఇంకో కొరుకు. లెక్క అదే.

ఇప్పుడు ఆలోచించండి. మూరెడు పొడవున్న ఆకులు పల్చగా ఉన్న చోటు ఒకటి. వేలెడు ఆకులు ఒత్తుగా ఉన్న చోటు ఇంకోటి. రెండు చోట్లా గడ్డి బరువు ఒక్కటే. మీ మోడల్‌లో ఒక్క అంకే ఉంటే రెండు చోట్లా మేత ఒకటే అంటుంది. కానీ నోటికి? పొడుగాకుల దగ్గర కొరుకు నిండుగా వస్తుంది, పొట్టాకుల దగ్గర చిన్నగా వస్తుంది. అందుకే పొలంలోకి, అంటే నీళ్లలోకి, వెళ్లినప్పుడు తక్కెడతోపాటు స్కేలు కూడా పట్టుకెళ్లండి. ఆకు పొడవు రాసుకురాని సర్వేతో మేత మోడల్ కట్టలేరు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కారెన్ బ్యార్న్‌డాల్ అనే శాస్త్రవేత్త బహామాస్‌లో ఆకుపచ్చ తాబేళ్లని గమనించి 1980లో రాశారు. అవి మైదానమంతా తిరిగి తినడం లేదు. కొంత జాగా ఎంచుకుని, ఒకసారి కొరికిన చోటికే మళ్లీ మళ్లీ వచ్చి, కొత్తగా మొలిచిన లేత ఆకునే తింటున్నాయి. పక్కనే పొడుగ్గా ముదురు గడ్డి ఉంది, దాన్ని వదిలేస్తున్నాయి. ఎందుకు? లేత ఆకులో మాంసకృత్తులు ఎక్కువ, లిగ్నిన్ తక్కువ. లిగ్నిన్ అంటే ఆకుకి కట్టెతనం ఇచ్చే పదార్థం, అరగదు. తాబేలు పొట్టలో గడ్డి పులిసి అరగాలి, దానికి చాలా టైం పడుతుంది. నోరు తొందరగా నింపుకోవచ్చు, కానీ పొట్ట ఖాళీ అయితేనేగా!

కాబట్టి పైకప్పులు రెండు. ఒకటి నోటిది, ఒకటి పొట్టది. ముదురాకు దగ్గర నోరు గెలుస్తుంది, పొట్ట ఓడుతుంది. లేతాకు దగ్గర పొట్టకి సుఖం, నోటికి ఎక్కువ పని. మోడల్‌లో రెంటినీ విడివిడిగా లెక్కేసి, ఏది తక్కువైతే దాన్ని తీసుకోవాలి. ఇంకో సంగతి, తాబేలు పొట్ట వేగం నీటి వేడిని బట్టి మారుతుంది. చలికాలం పైకప్పు వేరు, ఎండాకాలం పైకప్పు వేరు. ఏడాది పొడుగునా ఒకే అంకె వేసి వదిలేస్తే కుదరదు.

రెండో మెట్టు. గడ్డి వైపు నుంచి చూద్దాం.

ఇజ్రాయెల్ శాస్త్రవేత్త ఇమాన్యుయెల్ నోయ్-మేర్ 1975లో ఒక బొమ్మ గీశాడు. నేల మీది పచ్చిక బయళ్ల కోసం గీసిందే, కానీ నీటి అడుగుకీ పనికొస్తుంది. ఇదిగో చూడండి. అడ్డంగా గడ్డి ఎంత ఉందో. నిలువుగా వేగం. గడ్డి పెరిగే వేగం గూని ఆకారంలో ఉంటుంది. గడ్డి మరీ తక్కువుంటే పెరగడానికి ఆకు చాలదు, మరీ ఎక్కువుంటే ఒకదాని నీడ ఇంకోదాని మీద పడుతుంది, మధ్యలో బాగా పెరుగుతుంది. దాని మీదే మేత గీత గీద్దాం. ఇది హోలింగ్ గీత, ముందు ఎక్కుతుంది, తర్వాత చదునవుతుంది. మేత గీత కన్నా పెరుగుదల గీత పైనుంటే గడ్డి పెరుగుతోంది, కిందుంటే తగ్గుతోంది.

ఇప్పుడు జంతువుల సంఖ్య పెంచుతాను. మేత గీత పైకి జరుగుతుంది. ఇంకొంచెం పెంచుతాను. రెండు గీతలూ మూడు చోట్ల తగులుతున్నాయి చూశారా? ఇక్కడ, గడ్డి ఎక్కువున్న వైపు, నిలకడగా ఉంటుంది. ఇక్కడ, గడ్డి దాదాపు లేని వైపు, ఇదీ నిలకడే. ఈ రెంటికీ మధ్య ఉన్నది గట్టు. గట్టుకి అటువైపు ఉన్నంతకాలం ఏ నష్టం వచ్చినా గడ్డి కోలుకుంటుంది. ఒక తుఫానో, ఒక వరదో వచ్చి గడ్డిని గట్టుకి ఇటువైపు తోసేసిందనుకోండి. జంతువు ఒక్కటి కూడా పెరగలేదు, ఒక్క కొరుకు కూడా అదనంగా కొరకలేదు. అయినా గడ్డి దిగజారిపోతూనే ఉంటుంది. నిన్నటిదాకా బాగుందే అని మనం ఆశ్చర్యపోతాం.

నదీముఖంలో దీనికి ఇంకో ముడి ఉంది. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే, కాస్త నిదానంగా చెప్తాను. నది మట్టి తెస్తుంది. గడ్డి ఉన్న చోట నీటి వేగం తగ్గి మట్టి అడుగుకి దిగుతుంది, నీళ్లు తేటపడతాయి. కార్లోస్ డువార్తే అనే శాస్త్రవేత్త 1991లో చాలా జాతుల సమాచారం కలిపి చూసి ఒక అంకె చెప్పారు. నీటి పైన పడే వెలుతురులో సగటున 11 శాతం అడుగుకి చేరే లోతు దాకా ఈ గడ్డి పెరుగుతుందని. మేత ఎక్కువై గడ్డి పల్చబడితే ఏమవుతుంది? నీరు జోరందుకుంటుంది, మట్టి లేస్తుంది, నీళ్లు మురికవుతాయి, వెలుతురు తగ్గుతుంది. అంటే ఆ గూని గీత ఉంది చూశారూ, అదే కిందికి కుంగిపోతుంది! మేత గీత పైకి జరగడం ఒక్కటే కాదు, పెరుగుదల గీత కిందికి దిగడం కూడా జరుగుతుంది. గట్టు మనం అనుకున్న చోట ఉండదు, మన వైపుకి నడిచి వస్తుంది. పచ్చిక బయలు మోడల్‌ని తెచ్చి నీళ్లలో యథాతథంగా పెట్టినవాళ్లు ఇక్కడే పొరబడతారు.

మూడో మెట్టు. గడ్డిలో ఏ భాగం తింటున్నారు?

ఆకు కొస తినడం వడ్డీ తినడం. మట్టిలో ఉన్న కాండం తినడం అసలు తినడం. ఆ పాకే కాండంలోనే మొక్క పిండి పదార్థం దాచుకుంటుంది, దాంతోనే ఆకు మళ్లీ వేస్తుంది. కాబట్టి మోడల్‌లో గడ్డికి కనీసం రెండు అరలుండాలి, మట్టి పైన ఒకటి, మట్టి కింద ఒకటి, రెంటి మధ్య రాకపోకలు. ఇండొనేషియాలో డెరవాన్ దీవుల దగ్గర తాబేళ్లు విపరీతంగా పెరిగినప్పుడు ఏం చూశారంటే, ఆకులు అయిపోయాక అవి మట్టి తవ్వి కాండాన్ని తినడం మొదలుపెట్టాయి. అది నదీముఖం కాదు, పగడపు దీవి. కానీ పాఠం అన్నిచోట్లా పనికొస్తుంది. తినే తీరు మారిందంటే మోడల్‌లో సమీకరణమే మారినట్టు. ఆకు బరువు మాత్రమే లెక్కేసుకుంటూ కూర్చుంటే ఆ మార్పు కనపడదు.

అలాగని కాండం పెకలించడం ప్రతిచోటా నాశనమేనా? కాదు. డ్యూగాంగ్‌ని చూడండి. మూతి మట్టిలో గుచ్చి, వేళ్లతో సహా పెకలించుకుంటూ ముందుకి పోతుంది. ఆటుకి నీళ్లు తీసినప్పుడు బురద మీద ఆ దారులు కనిపిస్తాయి. జానెడు వెడల్పు, కొన్ని మీటర్ల పొడవు, మెలికలు మెలికలుగా. దారి లోపల గడ్డి దాదాపు ఉండదు, దారికి అటూ ఇటూ ముట్టుకోనట్టే ఉంటుంది. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ నది వచ్చి కలిసే మోర్టన్ బేలో ఆంథొనీ ప్రీన్ 1995లో రాసిందేమిటంటే, వందల డ్యూగాంగ్‌లు మందగా ఒకే మేర మీద వారాల తరబడి మేస్తాయి. అలా మేసిన చోట నిదానంగా పెరిగే, పీచెక్కువున్న జాతి వెనకబడి, హలోఫిలా అనే మెత్తటి జాతి ముందుకొస్తుంది. డ్యూగాంగ్‌కి ఇష్టమైంది అదే. తన మేతని తానే సాగు చేసుకుంటోందన్నమాట.

ఆ హలోఫిలా కాండం ఏడాదికి మీటర్ల లెక్కన పాకుతుంది. మధ్యధరా సముద్రంలో పొసిడోనియా అనే జాతి ఉంది, అది ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే. ఒకే డ్యూగాంగ్ దారి ఒక జాతిలో కొన్ని నెలల్లో పూడిపోతుంది, ఇంకో జాతిలో ఏళ్లు పడుతుంది. కాబట్టి 'సముద్రపు గడ్డి' అని ఒకే పేరుతో మోడల్ కట్టకండి. జాతి పేరు రాయండి, అది పాకే వేగం రాయండి.

నాలుగో మెట్టు ఆటుపోట్లు. అసలు నదీముఖం అంటేనే ఇది కదా.

బ్రెంట్ బాతు మునగలేదు. నీళ్లు తీసినప్పుడు బురద మీద నడుస్తూ తింటుంది, లేదా తల కిందికి పెట్టి మెడ చాచినంత లోతులో తింటుంది. నల్ల హంసకి మెడ పొడుగు, మీటరుకి కాస్త అటూ ఇటూ అందుతుంది. అంతకన్నా లోతుంటే? కళ్లముందే గడ్డి ఊగుతూ ఉంటుంది, అందదు. ఇలా లెక్కేద్దాం. ఇవి సులువు కోసం నేను వేసుకున్న అంకెలు, ఎక్కడా కొలిచినవి కావు. ఒక బాతుకి రోజుకి 150 గ్రాముల ఎండు మేత కావాలి. నిమిషానికి అర గ్రాము తినగలదు. 300 నిమిషాలు, అంటే ఐదు గంటలు. రోజుకి రెండు ఆటులు, ఒక్కోదానికి మూడు గంటలు గడ్డి అందుతుంది. ఆరు గంటలు. బాగుంది, గంట మిగిలింది కూడా.

ఇప్పుడు సముద్ర మట్టం కొద్దిగా పెరిగింది. ఒక్కో ఆటుకి మూడు గంటల బదులు రెండే గంటలు అందుతోంది. నాలుగు గంటలకి 120 గ్రాములు. 30 గ్రాములు లోటు. గడ్డి ఒక్క గ్రాము కూడా తగ్గలేదు, గమనించండి! చదరపు మీటరు లెక్కలో ఏ మార్పూ లేదు. పక్షి మాత్రం రోజూ అరకడుపుతో వెళ్తోంది. దానికి తోడు పడవలొచ్చి, మనుషులొచ్చి ఆటు వేళలో అరగంట దాన్ని లేపేస్తే? లోటు ఇంకా పెరుగుతుంది. వలస పోయే పక్షికి ఇది ప్రాణం మీదికి వస్తుంది. అది ఆ కొవ్వుతోనే వేల కిలోమీటర్లు ఎగరాలి.

సరిగ్గా ఈ పని కోసమే ఒక్కో పక్షినీ విడిగా లెక్కించే మోడల్స్ వచ్చాయి. ఇంగ్లండ్‌లో ఎక్స్ నదీముఖం దగ్గర ఆయిస్టర్‌క్యాచర్ పక్షుల మీద గాస్-కస్టర్డ్, ఆయనతో పనిచేసినవాళ్లు దశాబ్దాల పాటు ఈ పద్ధతిని మెరుగుపెట్టారు. అవి గవ్వలు తినే పక్షులు. తర్వాత రిచర్డ్ స్టిల్‌మన్ బృందం అదే దారిలో గడ్డి తినే పక్షుల దగ్గరికి వచ్చింది. కాలిఫోర్నియాలో హంబోల్ట్ బే అనే చోట ఈల్‌గ్రాస్ తింటూ ఆగి వెళ్లే బ్రెంట్ బాతుల మీద ఇలాంటి మోడల్ కట్టారు. సముద్ర మట్టం పెరిగితే ఏమవుతుంది, గడ్డి తగ్గితే ఏమవుతుంది, మనుషుల అలికిడి పెరిగితే ఏమవుతుంది, ఈ మూడు ప్రశ్నలూ దాన్ని అడిగారు. మోడల్‌లో ప్రతి పక్షీ ప్రతి గంటా ఒక నిర్ణయం తీసుకుంటుంది. ఇక్కడే ఉండాలా, పక్క జాగాకి పోవాలా? అక్కడ ఎన్ని పక్షులున్నాయి? నీళ్లెంత లోతున్నాయి? ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీకు ఇది కష్టం కాదు. కష్టం అడుగు ఎత్తుపల్లాలు సెంటీమీటర్ల లెక్కలో తెచ్చుకోవడం. బురద పది సెంటీమీటర్లు ఎత్తో పల్లమో అయితే గడ్డి బయటపడే టైం మారిపోతుంది.

అందకపోవడానికి లోతు ఒక్కటే కారణం కాదు. రెండు ఉదాహరణలు చెప్తాను.

మొదటిది భయం. పశ్చిమ ఆస్ట్రేలియాలో షార్క్ బే. అక్కడ టైగర్ షార్కులు తిరిగే కాలంలో డ్యూగాంగ్‌లు మేలైన మేత ఉన్న లోతు తక్కువ జాగాలు వదిలి, తప్పించుకోవడానికి వీలున్న అంచులకి పోతాయని హైట్‌హాస్ బృందం చూపించింది. ఇంకో సంగతి చూడండి. తల మట్టిలో పెట్టి పెకలించేటప్పుడు చుట్టూ ఏం జరుగుతోందో తెలియదు. అందుకని షార్కులున్నప్పుడు ఆ పెకలించే మేత తగ్గించి, ఆకు కొరికే మేతకి మారుతాయి. షార్క్ ఒక్క డ్యూగాంగ్‌ని కూడా తినకుండానే గడ్డి కాండాన్ని కాపాడుతోంది! మీ మోడల్‌లో షార్క్‌ని చావుల పద్దులో మాత్రమే రాస్తే ఇదంతా తప్పిపోతుంది.

రెండోది చలి. ఇది చెప్పడానికి మనసు బరువెక్కుతుంది. ఫ్లోరిడాలో ఇండియన్ రివర్ లగూన్ అని పొడుగాటి నదీముఖం ఉంది. మనుషుల వాడకం నుంచి వచ్చిన పోషకాలు నీళ్లలో చేరి, 2011 నుంచి పెద్ద ఎత్తున సూక్ష్మ నాచు పొంగింది. వెలుతురు ఆగిపోయింది, గడ్డి పోయింది. మనాటీలు 20 డిగ్రీల కన్నా చల్లటి నీళ్లలో ఎక్కువ కాలం తట్టుకోలేవు. చలికాలం వస్తే వెచ్చటి ఊటల దగ్గర, విద్యుత్ కేంద్రాల నుంచి వెచ్చటి నీళ్లు వదిలే చోట గుమిగూడతాయి. అక్కడికి దగ్గర్లో గడ్డి లేదు. దూరంలో ఉన్నా వెళ్లలేవు, వెళ్తే చలి, ఉంటే ఆకలి. 2021 ఒక్క ఏడాదిలో ఫ్లోరిడాలో 1,100 మనాటీలు చనిపోయాయి. వాటిలో చాలా వాటి చావుకి ఆకలే కారణం. చివరికి మనుషులే లెట్యూస్ ఆకులు తెచ్చి వేయాల్సొచ్చింది. రాష్ట్రమంతా కలిపి గడ్డి ఎంతుందని లెక్కేస్తే ఈ చావులు ఎవరికీ అర్థం కావు. వెచ్చటి నీటి నుంచి ఎంత దూరంలో ఉందని లెక్కేస్తేనే అర్థమవుతాయి.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన ఆ చిన్నవాటి సంగతి. సముద్రపు గడ్డి ఆకు మీద సన్నటి నాచు పొరలా పేరుకుంటుంది. పోషకాలు ఎక్కువైన నీళ్లలో మరీ ఎక్కువ. అది ఆకుకి వెలుతురు అందనివ్వదు. ఐసోపాడ్లు (ఇందాక చెప్పిన, రొయ్య జాతికి దగ్గరి పురుగుల్లాంటివి), నత్తలు, గుల్ల లేని నత్తల్లాంటి సముద్రపు స్లగ్‌లు ఆ పొరని తింటాయి, ఆకు జోలికి పెద్దగా పోవు. అంటే ఇవి మేసేకొద్దీ గడ్డి పెరుగుతుంది! కాలిఫోర్నియాలో ఎల్క్‌హార్న్ స్లూ అనే నదీముఖంలో పొలాల ఎరువులన్నీ వచ్చి కలుస్తాయి. అలాంటి చోట గడ్డి పోవాలి. కానీ అది తిరిగి వచ్చింది. బ్రెంట్ హ్యూస్ బృందం 2013లో కారణం చూపించింది. సీ ఓటర్లు, అంటే సముద్రంలో బతికే నీటికుక్కలు, అక్కడికి తిరిగి చేరాయి. అవి పీతల్ని తిన్నాయి. పీతలు తగ్గేసరికి ఈ చిన్న మేతగాళ్లు పెరిగాయి. అవి ఆకుల్ని శుభ్రం చేశాయి. గడ్డి నిలబడింది. ఇప్పుడు చెప్పండి, మోడల్‌లో 'మేత' అనే పదం ముందు మైనస్ గుర్తే పెడతారా? ఎవరు ఏం తింటున్నారో తెలియకుండా ఏ గుర్తూ పెట్టలేరు.

అది తెలుసుకోవడానికి పొట్ట కోసి చూడక్కర్లేదు. కార్బన్‌లో బరువు కాస్త తేడాగా ఉండే రకాలున్నాయి, వాటిని ఐసోటోపులంటారు. సముద్రపు గడ్డిలో బరువైన కార్బన్ ఐసోటోపు వాటా నీళ్లలో తేలే సూక్ష్మ నాచులో కన్నా ఎక్కువ. తిన్నదాని గుర్తు తిన్నవాడి కండలో ఉండిపోతుంది. గడ్డి మధ్యలో తిరిగే జంతువులన్నీ గడ్డే తింటున్నాయని అనుకునేవాళ్లం. చాలా చోట్ల అవి ఆకు మీది నాచునే ఎక్కువ తింటున్నాయని ఈ పద్ధతిలో బయటపడింది. అయితే ఆకు మీది నాచులో ఆ ఐసోటోపు వాటా ఒక్కోసారి గడ్డిలో ఉన్నదానికి దగ్గరగా వస్తుంది, అప్పుడు రెంటినీ విడదీయడం కష్టం. నైట్రోజన్, సల్ఫర్ ఐసోటోపులు కూడా కలిపి చూడాలి.

ఇక మొదలుపెట్టాలనుకునే విద్యార్థులకి. మీ మోడల్ కంప్యూటర్‌లో బాగానే నడుస్తుంది, ప్రతి మోడలూ నడుస్తుంది. దాన్ని నీళ్లలో సరిచూసే పని ఉంది. కంచె ప్రయోగం చేయండి. గడ్డి మీద వలతో పంజరం కట్టి జంతువుని రానివ్వకండి, పక్కన తెరిచిన గడ్డితో పోల్చండి. కానీ జాగ్రత్త. వల నీడ పడుతుంది, నీటి జోరు ఆపుతుంది, కొన్నాళ్లకి వల మీదే నాచు పట్టి నీడ ఇంకా పెరుగుతుంది. అప్పుడు పంజరంలో గడ్డి పల్చబడితే అది మేత లేనందువల్లా, నీడ వల్లా? చెప్పలేరు. అందుకే మూడో రకం కావాలి. పైన వల ఉండి, పక్కలు తెరిచి ఉన్న పంజరం. నీడ అదే, జంతువు మాత్రం రావచ్చు. వలని తరచూ తోమాలి. మూడింట్లోనూ ఆకు పొడవు, ఆకుల సంఖ్య, మట్టి కింది కాండం బరువు, మూడూ కొలవండి. ఆ చోటు ఆటుకి ఎన్ని గంటలు బయటపడుతోందో అదీ రాయండి. వీటిలో కొన్నింటితో మోడల్‌ని సరిచేసి, మిగతావాటిని దానికి చూపించకుండా దాచిపెట్టండి. చూడని చోట మోడల్ ఏం చెప్తుందో రాయించుకుని, తర్వాత పోల్చండి.

నేను చెప్పాలనుకున్నది ఇంతవరకే. బోర్డు తుడవడం లేదు, ఆ గీతల మీద ప్రశ్నలుంటే ముందు అవే అడగండి.